ఎవరి కోసం వేయాలి?

మ్యూజియంలో నలుగురూ కలిసి కూర్చుని బొమ్మలు వేస్తే మనసుకు తగిలిన గాయాలు మానుతాయా? మానితే ఎవరివి మానుతాయి? పదేళ్ల కింద మా ఊళ్లలో ఎవరైనా ఇలా అడిగితే నవ్వేవాళ్లం. ఇప్పుడు నవ్వులాటగా లేదు. సీతంపేట, భామిని, గుమ్మలక్ష్మీపురం వైపు కొండల్లో బొమ్మ వేయడం వచ్చిన సవర కుర్రాళ్లకూ, ఒకరిద్దరు పెద్దలకూ నగరాల నుంచి పిలుపులు వస్తున్నాయి. మునుపు పిలిస్తే డెమో కోసం పిలిచేవారు. చాప మీద కూర్చుని గీస్తుంటే వచ్చినవాళ్లు చూసి, ఫోటో తీసుకుని పోయేవారు. ఇప్పుడు వచ్చే కాగితాల్లో మాట మారింది. సమాజం, కళ, ఆత్మపరిశీలన, హీలింగ్ అని ఉంటోంది.

ఈ ఆలోచన మా దగ్గర పుట్టింది కాదు. కెనడాలో మాంట్రియల్ లలితకళల మ్యూజియానికి వెళ్లి రమ్మని డాక్టర్లు మందుచీటీ మీద రాసిచ్చే ఏర్పాటు 2018లో మొదలైంది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కళలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద మూడు వేలకు పైగా అధ్యయనాలను కలిపి చూసి, మేలు జరుగుతోందనే చెప్పింది. మేము కాదనడం లేదు. బొమ్మకూ జబ్బుకూ సంబంధం ఉందని మాకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు కూడా. మా తాతల ఇళ్లలో గోడ మీద బొమ్మ పడిందంటే ఆ ఇంట్లో జ్వరమో, కష్టమైన కాన్పో, చావో, పంట పోవడమో జరిగి ఉంటుంది. అందుకే ఈ సంగతిలో నోరు తెరిచే హక్కు మాకు కాస్త ఎక్కువే ఉందనుకుంటున్నాం.

ముందు ఆ మాట గురించి. హీలింగ్‌ను తెలుగులో ఏమనాలని ఒకచోట నిర్వాహకులు మమ్మల్నే అడిగారు. ‘స్వస్థత’ అన్నారొకరు. మా ఊళ్లలో ఆ మాట వింటే చర్చి ముందు పందిరి వేసి, మైకు పెట్టి జరిపే స్వస్థత కూటమి గుర్తొస్తుంది. ‘నయం కావడం’ అంటే పీహెచ్‌సీ గుర్తొస్తుంది, అందులో డాక్టరు లేకపోవడం గుర్తొస్తుంది. ‘కుదుటపడటం’ కొంచెం దగ్గరగా ఉంది. కుదురు అంటే కుండ కింద పెట్టే చుట్ట కూడా కదా. కుండ గుండ్రంగా ఉంటుంది గనక తనంతట తాను నిలవలేదు, అడుగున కుదురు ఉంటే నిలుస్తుంది. ఆ కుదురు కుండలో ఉండదు, బయట ఉంటుంది. ఈ చిన్న తేడాలోనే మా పేచీ అంతా ఉంది.

మా బొమ్మ ఏమిటో తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. మా వైపు దాన్ని ఎడిసింగ్ అంటారు. ఒడిశా వైపు సవరలు ఇడితాల్ అంటారు. సవర మాటలో సింగ్ అంటే ఇల్లు. ఇంటి లోపలి గోడకు ఎర్రమట్టి పూస్తారు. పుల్ల చివర నలగ్గొట్టి కుంచె చేస్తారు. బియ్యం నూరి నీళ్లలో కలిపిన తెలుపుతో ముందు నలుపలకలుగా ఒక చట్రం గీస్తారు. ఆ చట్రమే ఇల్లు. చనిపోయిన తాతో, మేనత్తో, కాన్పులో పోయిన తల్లో, పేరు తెలియని సొనుమో, ఎవరికి కోపం వచ్చిందో, ఎవరికి ఆకలేసిందో వాళ్లకు ఆ ఇల్లు. లోపల వాళ్లకు కావలసినవన్నీ వేస్తారు. మనుషులు, ఏనుగులు, గుర్రాలు, నెమళ్లు, చెట్లు, డప్పులు, సూర్యుడూ చంద్రుడూ. ఏం వేయాలో గీసేవాడి ఇష్టం కాదు. కలలో ఏం కనిపించింది, ఎజ్జోడి నోట ఏం పలికింది అన్నది చూసుకుని వేస్తారు. వేశాక ఇంటి మనిషి చూసి, ఎజ్జోడు చూసి, ఇది చాలదు, గొడుగు వేయలేదు, గుర్రానికి మనిషి లేడు అంటే మళ్లీ కలుపుతారు. ఆ తర్వాత పిలుస్తారు. రా, ఇది నీ ఇల్లు, ఇందులో ఉండు, మా పిల్లవాణ్ని వదులు అంటారు. బొమ్మ ముందు చిన్న కుండలు వేలాడదీస్తారు. అన్నం, కల్లు పెడతారు.

వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం మీద అచ్చువేసిన పెద్ద పుస్తకంలో ఇదంతా ఉంది. రైళ్లు, విమానాలు, తుపాకీ పట్టుకున్న అధికారులు కూడా మా గోడల మీదికి ఎలా ఎక్కారో ఆయన రాశాడు. చనిపోయినవాళ్లు ఇప్పుడు కాలినడకన తిరగడం లేదని, విమానం కావాలని మా పెద్దలు అనుకుని ఉంటారు. పాతదే పవిత్రం అనే పట్టింపు మాకు ఎప్పుడూ లేదు. మా గురించి మాట్లాడే మైదానం మేధావులకే ఆ పట్టింపు ఎక్కువ.

ఇక వర్క్‌షాపు. ఏ నగరమో, ఏ మ్యూజియమో చెప్పం. ఒక్క మ్యూజియం తప్పు కాదు గనక పేరుతో పని లేదు. మూడు రోజులు, మంచి భోజనం, మెడలో పేరు కార్డు, బల్ల మీద కాన్వాసు, యాక్రిలిక్ రంగులు. మాతోపాటు ఊళ్లోని కాలేజీ పిల్లలు, ఉద్యోగాలు చేసి అలసిన ఆడవాళ్లు, ఇద్దరు ముగ్గురు రిటైరైనవారు ఉన్నారు. నేర్పే అమ్మాయి మంచిది, ఓపిక గలది. కళ్లు మూసుకోమంది. ఊపిరి గమనించమంది. మీలో ఉన్న బాధను రంగుల్లోకి తీసుకురండి అంది. అందరూ వంగి వేయడం మొదలుపెట్టారు. మా వాళ్లలో పెద్దాయన కుంచె పట్టుకోలేదు. చాలాసేపటికి ఆ అమ్మాయి వచ్చి, ఏం తాతగారూ అంది.

“ఎవులి కోసం ఎయ్యాల?” అన్నాడాయన.

“మీ కోసమే తాతగారూ.”

“నా కోసమా? నాకేటయిందని?”

అక్కడున్నవారు నవ్వారు, ఆ అమ్మాయి కూడా నవ్వింది. కానీ ఆయన వేళాకోళం ఆడలేదు. ఎవరి కోసం అన్నది తేలకపోతే ఆయనకు మొదటి గీత పడదు. చట్రం గీస్తే అందులో ఎవరుంటారు? ఖాళీ ఇల్లు కట్టి పెడితే ఎవరో ఒకరు వచ్చి చేరతారు. వచ్చినవాళ్లు మంచివాళ్లే అవుతారని ఏముంది?

ఇక్కడ రెండు లోకాలు ఎదురుపడ్డాయి. వర్క్‌షాపు లెక్కలో బాధ మనిషి లోపల ఉంటుంది. దాన్ని బయటికి తీస్తే బరువు తగ్గుతుంది. మా లెక్కలో బాధ ఇద్దరి మధ్య ఉంటుంది. బతికున్నవాడికీ పోయినవాడికీ మధ్య, మనిషికీ మనిషికీ మధ్య, మనిషికీ నేలకూ మధ్య. ఎవరికో ఏదో బాకీ పడితే అది జ్వరమై వస్తుంది. బాకీ ఎవరిదో కనుక్కోవాలి, వాళ్లతో మాట్లాడాలి, ఇవ్వాల్సింది ఇవ్వాలి. సవరలు చనిపోయినవారితో మాట్లాడే తీరు మీద పియర్స్ విటెబ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త 1993లో ఒక పుస్తకమే వేశాడు. ఎజ్జోడి నోట, లేదా పూనకం వచ్చిన ఆడమనిషి నోట చనిపోయినవాళ్లు పలుకుతారు. చుట్టాలు ఊరికే దణ్ణం పెట్టి ఊరుకోరు. వాదిస్తారు. ఆ రోజు నన్ను ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్లలేదని పోయినవాడు అడుగుతాడు. డబ్బు లేదురా, నీ అన్న ఊళ్లో లేడురా అని తల్లి ఏడుస్తుంది. నా గొడ్డలి ఎవడు తీసుకున్నాడని అతను అడుగుతాడు. ఇలా ఒక్కసారితో తేలదు, కొన్నేళ్లపాటు నడుస్తుంది. అంత మాట్లాడాకే ఆ ఇంటికి కుదురు వస్తుంది. ఇందులో ‘నేను నా లోపలికి చూసుకోవడం’ అనేది లేదు. ఎదుటివాడు ఉండాలి, వాడు అడగాలి, మనం జవాబు చెప్పాలి.

ఇంత చెప్పి, మా పద్ధతే గొప్ప, వాళ్లది తక్కువ అని తేల్చేయడం సులువు. మా సభల్లో అలా తేల్చేవారు ఉన్నారు, చప్పట్లు కూడా పడతాయి. కానీ నిజం అంత చక్కగా లేదు. మా ఊళ్లలో సగానికి సగం ఇళ్లలో ఇప్పుడు ఎడిసింగ్ లేదు. చర్చికి వెళ్లేవారు వేయరు. శ్లాబు ఇళ్లు వచ్చాక పెయింటు గోడ మీద ఎర్రమట్టి పూయడానికి ఇంటి కోడలే ఒప్పుకోదు. ఎజ్జోడు చెప్పినంత కాలం బొమ్మ వేసినవాళ్లు చాలావరకు మగవాళ్లే. ఇప్పుడు వర్క్‌షాపుల పుణ్యమా అని కాలేజీలో చదివే మా ఆడపిల్లలు కుంచె పడుతున్నారు, మా కంటే బాగా వేస్తున్నారు. చీరల మీద, గుడ్డ సంచుల మీద, కాగితం మీద వేసి ఇంటికి నాలుగు రూపాయలు తెస్తున్నారు. ఇది వద్దని చెప్పే మొహం మాకు లేదు. పైగా ఆ వర్క్‌షాపులోనే జరిగింది ఒకటుంది. అది మా వాదన అంతటినీ చెదరగొట్టింది.

మాతో ఒక అక్క వచ్చింది. పేరు వద్దు. ఆమె ఊరికి రోడ్డు లేదు. నొప్పులొస్తే డోలీ కట్టి కొండ దించారు. దారిలో కాన్పయింది, బిడ్డ దక్కలేదు. నాలుగేళ్లయింది, ఆ మాట ఆమె నోట మేము ఒక్కసారి కూడా వినలేదు. రెండో రోజు ఆమె చట్రం గీసింది. చట్రం లోపల డోలీ వేసింది. మోసే ఇద్దరు, వెనక నడిచే ఆడవాళ్లు, వాన, వాగు. డోలీ లోపల తనను వేసుకోలేదు, చిన్న బిడ్డను వేసింది. బిడ్డ చుట్టూ నెమళ్లు వేసింది. పక్కన కూర్చున్న ఊరి ఆడమనిషి, ఆమెకూ ఏదో దుఃఖం ఉందట, లేచి వచ్చి ఈమె భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి సరిగ్గా తెలియదు. ఆ రాత్రి బాగా నిద్ర పట్టిందని అక్క చెప్పింది.

దీన్ని హీలింగ్ కాదని ఎవరం అనగలం? ఎజ్జోడు లేడు, కలలో ఎవరూ కనిపించలేదు, మ్యూజియం హాల్లో ట్యూబులైట్ల కింద, ఫ్యాక్టరీ రంగులతో వేసింది. అయినా అది ఎడిసింగే. ఎందుకంటే ఆమె అది తన కోసం వేయలేదు. తాతగారి ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు ఉంది.

మూడో రోజు చిక్కు వచ్చింది. వేసిన వాటిలో మంచివి మ్యూజియం తన దగ్గర పెట్టుకుంటుందని, గోడకు కడుతుందని, వచ్చినవారంతా చూస్తారని నిర్వాహకులు అన్నారు. మొదటి రోజే సంతకం పెట్టించుకున్న కాగితంలో ఆ ముక్క ఉంది, మేమెవరం చదవలేదన్నది వేరే సంగతి, ఇంగ్లీషులో ఉంది. అక్క బొమ్మను రెండు చేతులతో పట్టుకుని, “ఇది నా బిడ్డది. ఇక్కడొగ్గీసి నేనెలాగెళ్తాను?” అంది.

మాలో మేము రెండుగా చీలిపోయాం. ఇక్కడే ఉంచాలని కొందరు అన్నారు. కలెక్టర్లు, మంత్రులు వచ్చే చోటు ఇది. డోలీ బొమ్మ గోడ మీద ఉంటే రోజూ వంద మంది అడుగుతారు, ఆ ఊరికి రోడ్డు ఎందుకు లేదని. ఇంటికి తీసుకెళ్తే ఎవరు చూస్తారు? ఒక తల్లి దుఃఖం పది మంది తల్లులకు పనికొస్తే మంచిదే కదా. తీసుకెళ్లాలని మిగతావారు అన్నారు. బిడ్డకు కట్టిన ఇల్లు అది. ఇంట్లో ఉండాల్సిన బిడ్డను తెలియని ఊళ్లో, రాత్రిపూట తాళం వేసే భవనంలో వదిలి వెళ్లడం ఏం న్యాయం? పైగా రోడ్డు కోసం ఏడుపు చూపించాలా? అర్జీలు ఇచ్చాం, ఐటీడీఏ ముందు కూర్చున్నాం, అధికారులకు తెలియక కాదు రోడ్డు వేయనిది.

ఈ రెండో మాట వైపే మేము మొగ్గుతాం. మొదటి మాటలో న్యాయం లేకపోలేదు, కానీ అది దుఃఖాన్ని పనిముట్టు చేస్తుంది. దుఃఖపడే మనిషే దాన్ని పనిముట్టుగా ఎత్తుకుంటే సరే. ఇంకొకరు ఆమె చేతిలోంచి తీసుకుని వాడితే, వాళ్లు ఎంత మంచి పనికి వాడినా, అది ఆమె దగ్గర తీసుకున్నదే.

ఇంకో మాట కూడా ఆలోచించాం. మా ఇంటి గోడ మీది బొమ్మ పొయ్యి పొగకు నల్లబడుతుంది. వానాకాలం మట్టి పెళ్లలు రాలుతుంది. పిల్లలు వీపు ఆనించి కూర్చుంటే గుర్రం కాళ్లు చెరిగిపోతాయి. కొన్నాళ్లకు మళ్లీ ఏదైనా కష్టం వస్తే పాత దాని మీదే కొత్త గీతలు పడతాయి. అంటే దుఃఖం ఇంటితోపాటు ముసలిదవుతుంది. మ్యూజియం పని దీనికి అడ్డం. వెలుగు తగలనివ్వదు, చెమ్మ తగలనివ్వదు, వేసిన రోజు ఎలా ఉందో వందేళ్లకూ అలాగే ఉంచాలని చూస్తుంది. మిగతా వస్తువులకు అది మంచిదే కావచ్చు. కాని ఒక తల్లి దుఃఖాన్ని మొదటి రోజు ఉన్నట్టే వందేళ్లు ఉంచడం ఆ తల్లికి మేలు చేసినట్టా?

బాధ అంటే ఏ బాధ అన్నది కూడా ఒక ప్రశ్న. మా కుర్రాళ్లలో ఒకడు లెవిడి వేశాడు. 1967 అక్టోబర్ 31న గిరిజన సంఘం సభకు పోతున్నవాళ్ల మీద భూస్వాముల మనుషులు కాల్పులు జరిపితే కోరన్న, మంగన్న పోయిన చోటు. శ్రీకాకుళం కొండల్లో ఆ తర్వాత నడిచిన చరిత్ర అందరికీ తెలిసిందే. వాడి తాత ఆ రోజు ఆ దారిలో ఉన్నాడు. బొమ్మ చూసి నిర్వాహకుల్లో ఒకాయన మెల్లగా, ఇది వ్యక్తిగతం కాదు కదా బాబూ, రాజకీయం కదా అన్నాడు. తిట్టలేదు, తీసేయమనలేదు. అయినా ఆ మాటతో మాకు ఒకటి అర్థమైంది. ఇక్కడ ఎవరు కొట్టారో చెప్పకుండా ఏడవవచ్చు. దెబ్బ కొట్టినవాడు గదిలోకి రానంత వరకే బాధ వ్యక్తిగతం. మా తాతలు సొనుముల్ని కూడా పేరు పెట్టి అడిగేవారు. పేరు చెప్పకుండా జబ్బు కుదర్చగలనని ఏ ఎజ్జోడూ అనలేదు.

మ్యూజియంలో మా గురించి వాడే మాటల్ని గమనించండి. అద్దం వెనక ప్లాస్టర్ బొమ్మలు ఉంటాయి, గోచీ కట్టుకుని, బాణం పట్టుకుని. కింద చీటీలో ‘వీరు’ అని ఉంటుంది. వీరు కొండల్లో నివసిస్తారు, వీరు పోడు చేస్తారు. వర్క్‌షాపు హాల్లోకి రాగానే ‘మనం’ అవుతుంది. మనం అందరం కలిసి కోలుకుందాం. వీరు నుంచి మనంలోకి దూకేటప్పుడు మధ్యలో ఒక మాట జారిపోయింది. అది ‘మేము’. తెలుగులో మనం వేరు, మేము వేరు. ఎదుటివాణ్ని కలుపుకుంటే మనం, ఎదుటివాడితో తేల్చుకోవాల్సింది ఉంటే మేము. తేల్చుకున్నాక మనం అనడానికి మాకేం అభ్యంతరం లేదు.

ఎందుకంటే మ్యూజియం కూడా మా ఎదుట ఒక పక్షమే. మాకూ దానికీ మధ్య లెక్కలు ఉన్నాయి. వైద్యుడి కుర్చీలో అది తనంతట తాను కూర్చుంది. జంగఢ్ సింగ్ శ్యామ్‌ను తలుచుకుంటాం. పాటన్‌గఢ్ పల్లె నుంచి వచ్చిన పరధాన్ గోండు. 1980ల మొదట్లో జె. స్వామినాథన్ భోపాల్‌లోని భారత్ భవన్‌కు పిలిపిస్తే, ఇవాళ లోకం గోండు చిత్రకళ అని పిలుస్తున్న దారిని వేసినవాడు. ఎన్ని మ్యూజియంలు ఆయన బొమ్మల్ని కట్టుకున్నాయో. 2001లో జపాన్‌లోని మిథిలా మ్యూజియంలో బొమ్మలు వేస్తున్న రోజుల్లో అక్కడే ప్రాణం తీసుకున్నాడు. కారణం ఇదీ అని మేము తీర్పు చెప్పబోవడం లేదు. బొమ్మ వేస్తే మనసు తేలికపడుతుందని మాకు చెప్పేటప్పుడు ఆయన్ని కూడా గుర్తుంచుకోమని మాత్రం అంటాం. రోజంతా బొమ్మలే వేసిన మనిషి ఆయన. ఇంటికి దూరంగా ఉన్న మనిషి కూడా.

మ్యూజియం, బొమ్మ, గాయం మూడూ సరిగ్గా కలిసిన చోట్లు లేవా? ఉన్నాయి. కెనడాలో పసిఫిక్ ఒడ్డున హైడా అనే ఆదివాసీ జాతి ఉంది. వాళ్ల పూర్వీకుల ఎముకల్ని సమాధుల్లోంచి తవ్వి దేశదేశాల మ్యూజియంలకు తరలించారు. హైడాలు వాటి కోసం ఏళ్ల తరబడి తిరిగారు. 2003లో షికాగో ఫీల్డ్ మ్యూజియం నుంచి నూట యాభైకి పైగా పూర్వీకుల్ని ఇంటికి తెచ్చుకున్నారు. తెచ్చే ముందు ఊరంతా కూర్చుని పని చేసింది. చెక్కను ఆవిరికి వంచి పెట్టెలు చేశారు, వాటి మీద బొమ్మలు వేశారు. బడిపిల్లలు దుప్పట్లకు గుండీలు కుట్టారు. అవి కూడా కళా వర్క్‌షాపులే. అయితే అక్కడ కుంచె పట్టుకున్న పిల్లవాడికి ఎవరి కోసం వేస్తున్నాడో తెలుసు. మన దేశంలో నాగాలు అదే పనిలో ఉన్నారు. ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియం 2020లో మనుషుల అవశేషాల్ని ప్రదర్శన నుంచి తీసేసింది. వాటిలో నాగా పూర్వీకులవీ ఉన్నాయి. వాళ్లను ఇంటికి ఎలా తెచ్చుకోవాలి, తెచ్చాక ఏ కర్మ చేయాలి, క్రైస్తవులమయ్యాం గనక ప్రార్థన ఏది అని నాగాలు ఊళ్లలో కూర్చుని మాట్లాడుకుంటున్నారు. పిల్లలకు తెలియడానికి బొమ్మల పుస్తకం వేశారు. సగం చర్చికి, సగం ఎజ్జోడికి చెందిన మా ఊళ్లకు ఆ ప్రశ్నలు కొత్తవి కావు.

మా ఎముకలు ఏ మ్యూజియంలో ఉన్నాయని మేము అనడం లేదు. కానీ మా డప్పులు, మా అవ్వల నగలు, పెళ్లికుండలు, గోడల మీది బొమ్మలకు నకళ్లు ఉన్నాయి. వాటిలో కొన్ని సంతలో కొన్నవి, కొన్ని ప్రేమతో ఇచ్చినవి, కొన్ని అధికారి అడిగితే కాదనలేక ఇచ్చినవి. ఏది ఏదో చీటీ మీద ఉండదు.

వచ్చే ఏడాదికి మళ్లీ పిలుపు వచ్చింది. పోవద్దని అన్నవారు ఉన్నారు, పోతామని ఆడపిల్లలు ముందే సంచులు సర్దుకున్నారు. పోవాలనే తేలింది. జవాబు తెలుగులో రాశాం. వాళ్ల కాగితం కూడా తెలుగులో కావాలని అడిగాం. వేసిన బొమ్మ వేసినవారితోనే ఇంటికి వస్తుంది, ఎవరైనా ఇష్టపడి ఉంచితే అడిగిన రోజున తిరిగి ఇవ్వాలి అని రాశాం. మా కొండల నుంచి వచ్చినవి లోపలి గదుల్లో ఏమేం ఉన్నాయో, ఏ ఊరివో, ఏ ఏడు వచ్చాయో, ఎలా వచ్చాయో జాబితా చూపించమన్నాం. మొదటి రోజు ఆ వస్తువుల దగ్గరే కూర్చుంటామని, మ్యూజియం తరఫున బాధ్యత గల మనిషి ఒకరు మాతో నేల మీద కూర్చోవాలని, మేము అడిగేవాటికి జవాబు చెప్పాలని రాశాం. తాతగారు ఇంకొకటి కలపమన్నాడు. ఎర్రమట్టి ఆయనే తెస్తాడట, రంగులు కొనక్కర్లేదు. కాన్వాసు మీద కాదు, గోడ మీదే వేస్తాడట.

ఫోనులో వాళ్లు చాలావాటికి సరే అన్నారు. జాబితాకు టైం పడుతుందన్నారు. దీపం మాత్రం కుదరదు, నిప్పు భయం అన్నారు, అది మాకూ అర్థమైంది. బొమ్మ ముందు కుండ వేలాడదీయడానికి గోడకు మేకు కొట్టనిస్తారా అన్నది ఇంకా తేలలేదు, పైవాళ్లను అడిగి చెప్తామన్నారు.